కార్డ్‌లెస్ మైకుల యాంటెన్నా కేబుల్, గెయిన్: విడపనకల్లు ప్రాంతపు బహిరంగ వేదికలు

కార్డ్‌లెస్ మైకు నోటి మాటను రేడియో తరంగంగా మార్చి గాలిలో రిసీవరుకు చేర్చే సాధనం. చేత పట్టుకునేది, చొక్కాకు తగిలించే కాలర్ మైకు, చెంపకు ఆనే హెడ్‌సెట్టు అన్నీ ఈ కోవలోవే. మాట్లాడే మనిషి వైపు తీగ పోయినా, రిసీవరు వైపు తరచూ ఒక తీగ మిగిలే ఉంటుంది. యాంటెన్నాను రిసీవరుకు కలిపే కోయాక్సియల్ కేబుల్ అది. ఆ కేబుల్‌లో ఎంత బలం పోతుంది, పోయినదాన్ని గెయిన్‌తో, అంటే బలం పెంచడంతో ఎంతవరకు పూడ్చవచ్చు అన్న రెండు లెక్కల మీదే మైకు తెల్లవార్లూ పలకడం, పద్యం మధ్యలో కట్ కావడం ఆధారపడి ఉంటాయి.

ప్రాంతం, వేదికలు

అనంతపురం జిల్లాలో బళ్ళారి సరిహద్దు వైపున్న మండలం విడపనకల్లు. నల్లరేగడి చేలు, పప్పుశనగ, తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందినచోట మిరప ఇక్కడి పంటలు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కోతలయ్యాక జాతరలు, పౌరాణిక నాటకాలు, హరికథలు, భజనలు, రాజకీయ సభలు ఎక్కువగా ఆరుబయటే సాగుతాయి. ఉండబండ వీరభద్రస్వామి ఉత్సవాల్లాంటి సందర్భాల్లో చుట్టుపక్కల ఊళ్ళ జనం ఒకచోట చేరతారు. ట్రాక్టరు ట్రాలీని వేదిక చేసుకునే చిన్న సభ నుంచి ఇనుప ట్రస్సు, ఎల్ఈడీ తెర ఉన్న పెద్ద సభ వరకు అన్నిటికీ మైకుసెట్టు కావాల్సిందే.

ఈ సీమకు రంగస్థలం కొత్తది కాదు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో సరస వినోదినీ సభను నడిపారు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ ఆ గాలిలోనే పెరిగి, 1946లో కన్నుమూసేవరకు సహజ నటన కోసం నిలబడ్డారు. వారు నటన మొదలుపెట్టిన కాలానికి వేదిక మీద మైకు లేదు. చివరి వరుస దాకా గొంతు వినిపించడం నటుడి విద్యలో భాగం. తర్వాత స్టాండు మైకు, పందిరి నుంచి వేలాడదీసిన మైకు వచ్చాయి. పద్యం ఎత్తుకునే ముందు నటుడు మైకు కిందికి నడిచి రావడం పౌరాణిక నాటకం చూసినవారందరికీ తెలిసిన దృశ్యమే. ఇప్పుడు కాలర్ మైకుతో కృష్ణుడు వేదిక మీద ఎక్కడ నిలిచినా పద్యం అందుతుంది. ఆ స్వేచ్ఛను చిల్లర లోపాలకు పోగొట్టుకోకూడదు.

ప్రపంచంలో తొలి కార్డ్‌లెస్ మైకులు 1940ల చివర, 1950లలో వచ్చాయి. అమెరికాలో షూర్ కంపెనీ 1953లో వాగబాండ్ అనే మైకును అమ్మకానికి పెట్టింది. ఆ దశాబ్దం చివర జర్మనీలో సెన్‌హైజర్ మైక్రోపోర్టును తెచ్చింది.

ఏ బ్యాండు మైకు

నేడు వేదికల మీద వాడే మైకులు ఎక్కువగా యుహెచ్ఎఫ్‌లో, 470 మెగాహెర్ట్జ్‌కు పైన పనిచేస్తాయి. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 50 సెంటీమీటర్లు. రిసీవరుకు తగిలించే చిన్న కడ్డీ యాంటెన్నా అందులో నాలుగోవంతు, పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది.

ఈ బ్యాండు ఏటికేడు ఇరుకవుతోంది. అమెరికాలో 2010 జూన్ 12 తర్వాత 700 మెగాహెర్ట్జ్ మైకులు వాడరాదన్నారు. 2020 జూలైలో 600 బ్యాండులోనూ చాలా భాగం మూసేశారు. మన దేశంలో 2022 స్పెక్ట్రమ్ వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండును జియో తీసుకుంది. ఆ బ్యాండులో 703 నుంచి 748 వరకు ఫోను నుంచి టవరుకు, 758 నుంచి 803 వరకు టవరు నుంచి ఫోనుకు సంకేతాలు నడుస్తాయి. ఈ పరిధిలో పనిచేసే పాత మైకును ఎంత మంచి కేబుల్‌తో కలిపినా, జనం జేబుల్లోని ఫోన్లు, ఊరి టవరు దాన్ని తొక్కేస్తాయి. మరోవైపు దూరదర్శన్ భూతల అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 మార్చి నాటికి దాదాపు అన్నీ ఆగిపోవడంతో పల్లెల్లో 500 మెగాహెర్ట్జ్ ప్రాంతం బాగా ఖాళీ అయింది. కొత్తగా కొనేవారు 470–600 మధ్య పనిచేసే సెట్టు వైపు చూడటం మేలు. ఖాళీగా ఉన్నంత మాత్రాన అది అందరిదీ కాదు. దేశంలో తరంగాల కేటాయింపు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూస్తుంది. లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లలో 865–868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ ముఖ్యమైనవి.

కేబుల్‌లో పోయే బలం

కోయాక్సియల్ కేబుల్‌లో మధ్యన రాగి తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆపైన లోహపు జల్లెడ, బయట తొడుగు ఉంటాయి. తరంగం పోతూ పోతూ కొంత లోహంలో, కొంత ప్లాస్టిక్‌లో వేడిగా కరిగిపోతుంది. పౌనఃపున్యం పెరిగితే నష్టం పెరుగుతుంది. తీగ లావైతే తగ్గుతుంది. లెక్క డెసిబెల్స్‌లో: 3 డెసిబెల్స్ పోతే బలం సగమైనట్టు, 10 పోతే పదోవంతే మిగిలినట్టు.

600 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్ల కేబుల్ తీసుకుందాం. పెన్సిలు కన్నా సన్నగా ఉండే ఆర్‌జి-58లో సుమారు 11–12 డెసిబెల్స్ పోతాయి. అంటే యాంటెన్నా పట్టిన బలంలో పన్నెండోవంతు కూడా రిసీవరుకు చేరదు. ఆర్‌జి-8ఎక్స్‌లో 7–8, వేలు లావుకు దగ్గరగా ఉండే ఆర్‌జి-213లో 5 పైచిలుకు, దాదాపు అంతే లావున్న ఎల్ఎమ్ఆర్-400లో 3 చిల్లర. ఒకే లావున్న చివరి రెండింటికీ తేడా లోపలి ప్లాస్టిక్‌లో ఉంది: ఎల్ఎమ్ఆర్-400లోది గాలి బుడగలు నిండిన నురుగు, లోహపు జల్లెడ కింద రేకు కూడా ఉంటుంది. నష్టం తక్కువే గానీ అది బిరుసు తీగ. రోజూ చుట్టి, విప్పి, టెంపోలో వేసుకుపోయే పనికి ఆర్‌జి-213 లేదా మెత్తని ఎల్ఎమ్ఆర్ రకమే నయం.

ఈ కేబుళ్ళన్నీ 50 ఓమ్‌లవి. విడపనకల్లులో గానీ ఉరవకొండలో గానీ ఆదివారం సాయంత్రం కేబుల్ తెగితే, 50 ఓమ్‌ల మంచి తీగ కోసం వెతుక్కోవాలి. ప్రతి ఊళ్ళోనూ దొరికేది డిష్ వైరు, అంటే 75 ఓమ్‌ల ఆర్‌జి-6. దీన్ని వాడకూడదని చాలామంది ఆపరేటర్లు గట్టిగా నమ్ముతారు. లెక్క వేసి చూస్తే ఆ భయం నిలవదు. 50 ఓమ్‌ల సాకెట్టుకు 75 ఓమ్‌ల తీగ కలిపితే ఆ కలయిక దగ్గర వెనక్కి తిరిగిపోయే బలం నూటికి 4 వంతులు, నష్టం 0.2 డెసిబెల్ కూడా కాదు. రెండు కొసలా కలిపి చూసినా అర డెసిబెల్‌కు మించదు. తీగలో నష్టమా, 30 మీటర్లకు సుమారు 5 డెసిబెల్స్, ఆర్‌జి-58లో పోయేదానిలో సగం కూడా లేదు. మధ్య తీగ రాగి పూత వేసిన ఉక్కు అయినా ఇబ్బంది లేదు. 600 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు పైపొరలో సుమారు 2.7 మైక్రాన్ల లోతులోనే పారుతుంది. ఆ పొర రాగే. కాబట్టి చేతిలో సన్నని ఆర్‌జి-58, మంచి డిష్ వైరు రెండూ ఉంటే, దూరం ఎక్కువైనప్పుడు డిష్ వైరే మేలన్నది ఈ వ్యాసం తీర్పు.

చిక్కు పిన్నుల దగ్గర వస్తుంది. డిష్ వైరుకు ఉండేది ఎఫ్ పిన్ను, మైకు రిసీవరుకు కావలసింది బిఎన్‌సి. మధ్యలో అడాప్టరు పెట్టాలి. అది వదులుగా ఉంటే గాలికి తీగ ఊగినప్పుడల్లా మైకు గరగరలాడుతుంది. ఆర్‌జి-6 కొలతకే చేసిన బిఎన్‌సి పిన్ను నొక్కించుకుంటే ఆ బాధ ఉండదు. డిష్ వైరు మామూలు రకాల్లో లోహపు జల్లెడ పలచగా అల్లి ఉంటుంది. జల్లెడ దట్టంగా, కింద రేకుతో ఉన్నదాన్ని అడిగి తీసుకోవాలి.

డిష్ వైరు పనికొస్తుంది గానీ డిష్ సామాను పనికిరాదు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బి నుంచి వచ్చే సంకేతం 950–2150 మెగాహెర్ట్జ్‌లో ఉంటుంది. దానికోసం చేసిన బూస్టరు, స్ప్లిట్టరు 500–600 దగ్గర పనిచేస్తాయన్న భరోసా లేదు. కేబుల్ టీవీ స్ప్లిట్టరు 5–1000 మెగాహెర్ట్జ్‌ది కాబట్టి అవసరానికి నడుస్తుంది, రెండుగా చీల్చితే ఒక్కో వైపు 3.5 డెసిబెల్స్ పోతాయన్న లెక్కతో. కేబుల్ టీవీ యాంప్లిఫయరును మాత్రం దగ్గరకు రానీయకూడదు. అది మైకు తరంగంతో పాటు టవరు తరంగాలనూ ఎత్తి రిసీవరు మీద పడేస్తుంది.

అసలు పొడవాటి యాంటెన్నా కేబుల్ ఎందుకు?

రిసీవరును వేదిక పక్కనే పెట్టి, అక్కడినుంచి మిక్సరు దాకా మామూలు మైకు వైరు, అంటే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ లాగితే, 30 మీటర్లకు శబ్దంలో పోయేది దాదాపు ఏమీ ఉండదు. పౌరాణిక నాటకానికి ఆపరేటరు చాలాసార్లు హార్మోనియం పక్కనే, వేదిక అంచున కూర్చుంటాడు. అక్కడ రిసీవరుకు తగిలించిన కడ్డీ యాంటెన్నాలే చాలు. జనం మధ్య టెంటులో మిక్సరు ఉండే పెద్ద సభల్లో కూడా ఇదే తొలి పరిష్కారం కావాలి. రిసీవరు మీటర్లను కళ్ళెదుట చూసుకోవాల్సివచ్చినప్పుడో, ఒకే యాంటెన్నా జంట నుంచి నాలుగైదు రిసీవర్లకు పంచాల్సినప్పుడో పొడవు కేబుల్‌కు అర్థముంది.

రెండు గెయిన్లు, ఒక అపోహ

గెయిన్ అన్న మాట ఈ రంగంలో రెండు పనులకు వాడతారు. ఒకటి రేడియో గెయిన్: యాంటెన్నా, దాని యాంప్లిఫయరు తరంగపు బలాన్ని పెంచడం. రెండోది శబ్దపు గెయిన్: మైకులోనూ రిసీవరు బయటకిచ్చే దారిలోనూ గొంతు మట్టాన్ని సరిచేయడం. ఈ రెంటినీ కలగలిపేయడం వల్లే సగం తంటా. మామూలు అనలాగ్ మైకులు ఎఫ్ఎమ్ పద్ధతిలో పనిచేస్తాయి. ఎఫ్ఎమ్‌లో తరంగపు బలం పెరిగితే శబ్దం పెరగదు. బాక్సుల్లో మాట నీరసంగా ఉందని యాంటెన్నా బూస్టరు తిప్పడం వల్ల ఏ లాభమూ లేదు.

రేడియో గెయిన్‌ను కేబుల్‌లో పోయినంత మేరకే వాడాలి. ఎండిన బోరుకు ఎన్ని గుర్రాల మోటారు బిగించినా నీళ్ళు రావు. యాంటెన్నాకే అందని సంకేతాన్ని గెయిన్ పుట్టించలేదు. సంకేతంతో పాటు రణగొణను కూడా అంతే పెంచుతుంది.

ఎంత బలం అందుతుందో చూద్దాం. మైకు ట్రాన్స్‌మిటరు 10 మిల్లీవాట్లు, అంటే 10 డిబిఎమ్ పంపుతుందనుకుంటే (1 మిల్లీవాటు 0 డిబిఎమ్), 600 మెగాహెర్ట్జ్ దగ్గర ఆరుబయట 30 మీటర్ల దూరంలోని యాంటెన్నాకు అందేది సుమారు మైనస్ 47 డిబిఎమ్. నటుడి ఒళ్ళు అడ్డమైతే మరో 10 నుంచి 20 డెసిబెల్స్ పోతాయి. ట్రస్సు, రేకుల షెడ్డు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట ఇంకో 20 పోవచ్చు. మామూలు రిసీవరు మైనస్ 95 దాకా ఓర్చుకుంటుంది. అంటే కాగితం మీద నిశ్చింతగా కనిపించే లెక్కలో చివరికి మిగిలేది ఏడెనిమిది డెసిబెల్సే. అప్పుడు ఆర్‌జి-58 మింగే 12 డెసిబెల్స్ ఎంత విలువైనవో తెలుస్తుంది.

పోయినదాన్ని పూడ్చే యాంప్లిఫయరును యాంటెన్నా దగ్గరే పెట్టాలి. ఇది 1944లో హరాల్డ్ ఫ్రిస్ రాసిన నాయిస్ సూత్రం చెప్పే సంగతి. నాయిస్ ఫిగరు అంటే పరికరం తన వంతుగా కలిపే రణగొణకు కొలత, తక్కువైతే మేలు. 12 డెసిబెల్స్ మింగే కేబుల్, 12 పెంచే యాంప్లిఫయరు (నాయిస్ ఫిగరు 3), నాయిస్ ఫిగరు 8 ఉన్న రిసీవరు తీసుకుని లెక్క కడితే: యాంప్లిఫయరు లేకుండా మొత్తం నాయిస్ ఫిగరు 20, కేబుల్ చివర రిసీవరు పక్కన పెడితే సుమారు 16, యాంటెన్నా దగ్గర పెడితే 9. అదే పెట్టె, అదే ఖర్చు, పెట్టిన చోటును బట్టి 6 డెసిబెల్స్‌కు పైగా తేడా.

మరి 12 పోయినచోట 20 పెంచితే? అక్కడే చెడుతుంది. వేదికకు మూడు మీటర్ల దూరంలో యాంటెన్నా ఉంటే అదే 10 మిల్లీవాట్ల మైకు నుంచి మైనస్ 27 డిబిఎమ్ వస్తుంది. ఒక దిక్కుకే చూసే యాంటెన్నా అయితే దాని సొంత గెయిన్ మరో 7 కలుపుతుంది. ఆ బలానికి రిసీవరు మొదటి అంచె కుంగిపోతుంది. రెండు మైకుల తరంగాలు అందులో కలిసి లేని మూడో తరంగాన్ని పుట్టిస్తాయి. 520.0, 520.4 మీద రెండు మైకులుంటే 519.6, 520.8 దగ్గర దొంగ తరంగాలు లేస్తాయి. మూడో మైకు 520.8 మీద ఉంటే దాని గతి అంతే. ఈ దొంగ తరంగాలు ఒక డెసిబెల్ గెయిన్‌కు మూడు డెసిబెల్స్ చొప్పున పెరుగుతాయి: గెయిన్ 12 పెంచితే మంచి సంకేతం 12, చెడ్డది 36 పెరుగుతుంది. మైకుల పౌనఃపున్యాలను సమాన దూరాల్లో పెట్టకూడదనే నియమం కూడా ఇందుకే.

కొన్ని యాంటెన్నాలకు గెయిన్ మీట ఉంటుంది. షూర్ యుఎ874 మీద ప్లస్ 12, ప్లస్ 6, సున్నా, మైనస్ 6 అనే నాలుగు మెట్లున్నాయి. మైనస్ 6 ఎందుకా అని చాలామందికి అనుమానం. వేదికకు మరీ దగ్గరగా యాంటెన్నా పెట్టక తప్పనప్పుడు కాపాడేది ఆ మెట్టే. పది మీటర్ల లోపు కేబుల్‌కు సున్నా, 30 మీటర్ల డిష్ వైరుకో ఆర్‌జి-213కో ప్లస్ 6, అంతే పొడవు ఆర్‌జి-58కి ప్లస్ 12 సరిపోతాయి. పరీక్ష సులువు. మైకులన్నీ ఆపి, గెయిన్ పెంచుతూ రిసీవరు మీద రేడియో మీటరు చూడాలి. మైకు లేకుండానే మీటరు లేస్తుంటే అది రణగొణ. ఒక మెట్టు దిగాలి. ఎల్ఈడీ తెర, జనరేటరు, లైట్లు అన్నీ వెలిగించాకే ఈ పరీక్ష చేయాలి. పగలు ఆపేసి ఉన్న తెర పక్కన బాగున్న మైకు రాత్రి తెర వెలగగానే చెడటం మామూలే.

యాంటెన్నా యాంప్లిఫయరుకు కరెంటు సాధారణంగా రిసీవరు నుంచే, సంకేతం వచ్చే కేబుల్‌లోనే వెళుతుంది. ఆర్‌జి-6 ఉక్కు తీగ 30 మీటర్లకు సుమారు 3 ఓమ్‌ల అడ్డు. 100 మిల్లీయాంపియర్లకు 0.3 వోల్టు తగ్గుతుంది, పర్వాలేదు. మధ్యలో పెట్టిన స్ప్లిట్టరు ఆ కరెంటును ఆపేస్తే యాంప్లిఫయరు వెలగదు, గెయిన్ ఉందనుకుని మనం నష్టం మోస్తాం. డిష్ సెట్‌టాప్ బాక్సు 13 లేదా 18 వోల్టులిస్తుంది. దాన్ని ఈ యాంప్లిఫయరుకు ఎప్పుడూ కలపకూడదు.

యాంటెన్నా నిలిపే చోటు

విసనకర్ర ఆకారంలో ఉండే లాగ్ పీరియాడిక్ యాంటెన్నా 1950లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ముందు వైపు 6–7 డెసిబెల్స్ లాభం, వెనక వైపు నుంచి వచ్చేదానికి కళ్ళెం దీని గుణాలు. వేదిక వైపు చూపి, టవరు ఉన్న దిక్కు దాని వెనకకు వచ్చేలా నిలిపితే గెయిన్ మీటతో రాని మేలు జరుగుతుంది. జనం తలల మీదుగా, రెండు మీటర్లకు పైన ఉండాలి. ట్రస్సుకు ఆనించకూడదు. రిసీవరుకు రెండు యాంటెన్నాలు ఉండేది ఒకటి తరంగం కోల్పోయిన క్షణంలో రెండోది పట్టుకోవడానికి. అవి కనీసం ఒక తరంగదైర్ఘ్యం, అంటే అర మీటరు ఎడంగా, చెరో వైపు వాలి ఉంటే ఆ పని చేస్తాయి. రెండు కేబుళ్ళూ ఒకే రకం, ఒకే పొడవు పెట్టుకుంటే ఒకటి గుడ్డిదయ్యే ప్రమాదం తప్పుతుంది.

పౌరాణిక వేషానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భుజకీర్తులు, రేకు వడ్డాణం, జరీ అంగీ తరంగాన్ని అడ్డగిస్తాయి. ట్రాన్స్‌మిటరును వడ్డాణం కిందకు తోసి దాని చిన్న యాంటెన్నాను చుట్టి కట్టేస్తే వేదిక మీద ఎంత ఖరీదైన సామాను ఉన్నా మైకు కట్టవుతుంది. నడుము వెనుక, రేకు తగలని చోట, యాంటెన్నా తిన్నగా వేలాడేలా కట్టి, చెమట తగలకుండా పలచని తొడుగు వేయాలి.

గొంతు గెయిన్

ట్రాన్స్‌మిటరు మీది గెయిన్‌ను మాటతో సరిచేస్తే పద్యంలో దెబ్బతింటారు. మామూలు సంభాషణకూ తారస్థాయిలో లాగే రాగానికీ చాలా దూరం ఉంటుంది. హార్మోనియం శ్రుతితో నటుడు తన పై స్థాయి ఆలాపన పూర్తిగా ఎత్తినప్పుడు పీకు దీపం అప్పుడప్పుడు మెరిసేలా పెట్టాలి. మరీ తగ్గించినా తప్పే: అనలాగ్ మైకులు గొంతును పంపేటప్పుడు కుదించి, అందుకున్నాక విప్పుతాయి; మట్టం తక్కువైతే మాట వెనక బుసబుస వినిపిస్తుంది. రిసీవరు వెనక మైకు, లైన్ అనే మీట మిక్సరు ఇన్‌పుట్‌కు తగ్గట్టు ఉండాలి. ఈ రెండూ సరిపడ్డాకే మిక్సరు. మైకు కీచుమని కూస్తే బాక్సుల కన్నా మైకులు ముందున్నాయేమో చూడాలి. దానికీ యాంటెన్నాకూ సంబంధం లేదు.

డిజిటల్, 2.4 గిగాహెర్ట్జ్ మైకులు

డిజిటల్ మైకుల్లో గరగర ముందస్తు హెచ్చరిక ఇవ్వదు. సంకేతం హద్దు దాటి తగ్గగానే మాట ఒక్కసారిగా మాయమవుతుంది. అందుకే వీటితో వేదిక అంతా నడిచి చూసే పరీక్ష ఇంకా ముఖ్యం. చొక్కాకు తగిలించే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ మైకులు ఇప్పుడు హరికథ, భజన వీడియోల్లో కనిపిస్తున్నాయి. వైఫై, బ్లూటూత్ కూడా ఇదే బ్యాండులో నడుస్తాయి. ఈ పౌనఃపున్యంలో ఆర్‌జి-58 నష్టం రెట్టింపుకు మించుతుంది కాబట్టి యాంటెన్నా కేబుల్ అన్న మాటే ఉండకూడదు. రిసీవరును వేదిక మీదికి తీసుకుపోవాలి.

ఎండ, దుమ్ము

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, నల్లరేగడి దుమ్ము కేబుల్ ఆయుష్షును తగ్గిస్తాయి. బయట వాడే తీగకు నల్ల పాలిథిలిన్ తొడుగు పీవీసీ కన్నా ఎండకు ఓర్చుకుంటుంది. నురుగు నిండిన తీగను గట్టిగా మడిచినా, దాని మీదుగా ట్రాక్టరు పోయినా లోపలి కొలత చెడి నష్టం పెరుగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. మల్టీమీటరుతో తెగుడు, షార్టు మాత్రమే తెలుస్తాయి. అనుమానం ఉన్న తీగను తెలిసిన మంచి తీగతో మార్చి, అదే మైకు అదే చోట పెట్టి రేడియో మీటరు చూడటమే నమ్మదగిన పరీక్ష. పిన్నులకు మూతలు పెట్టి, స్పిరిట్‌తో తుడిచి, తీగను పెద్ద చుట్టలుగా చుట్టి దాచాలి.